ఒకేలాంటి మెసేజీలు

మంగళవారం

ఇవాళ మరదలు గౌరి వచ్చింది. "ఆఖరి రోజు ఆస్పత్రిలో ఊపిరాడకపోయినా అక్క నీకు వాయిస్ మెసేజీ పెట్టింది బావా, ఇన్నావా?" అంది.

పోయిన నా భార్య రమణమ్మ గొంతు బయటివాళ్ళ చేతికి పోకూడదని, ఆమె వాయిస్ మెసేజీలన్నీ ఇంట్లో పాత కంప్యూటర్‌లో నేను పెట్టుకున్న ఏఐ నోట్స్‌లోకి ఎక్కించి, ఫోన్లోవి చెరిపేశాను. చోటు చాలక, ఒకేలాంటివి ఒక్కటే ఉంచి కలిపెయ్యమని సెట్టింగ్ పెట్టిందీ నేనే.

గౌరి వెళ్ళాక తెరిచాను. ఒక్కటే మిగిలింది, మొట్టమొదటిది. "అచ్యుతాపురంలో బస్సు దిగేవా? అన్నం తిన్నావేటి?" కింద, కలిపేసిన వాటి తేదీల్లో ఆ ఆఖరి రోజు కూడా ఉంది.

మిషన్‌ని ఏమని తిట్టను? అది అన్నీ విన్నాకే ఒకటే అనుకుంది. నేను ఆ రోజు షిఫ్టులో, రోజూ అడిగేదే కదా అని, వినకుండానే ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను.