గరాజ్‌లో కార్వెట్ లేదు, కంగారుపడకు

వెండెల్,

నా కారు అద్దం మీద మంచు గీకీ గీకీ వేళ్లు కొంకర్లు పోయాయి. నువ్వు లేచాక ఫ్రిజ్‌లో మీట్‌లోఫ్ వేడి చేసుకుని తిను. నీ అరవై ఏడు మోడల్ కార్వెట్ కారుని ఎవరూ ఎత్తుకుపోలేదు, నేనే తీసుకెళ్తున్నాను. నన్నడక్కుండా కొని, నా కారుని గరాజ్‌లోంచి బయటికి గెంటి, "ఏప్రిల్ దాకా కదపకూడదు డార్లీన్, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు తగిలితే అడుగున చట్రం తుప్పు పడుతుంది" అన్నావు. పైగా మన పెళ్లి కంబళి దానికి కప్పావు. నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా కప్పలేదు.

రాత్రి ఉప్పు లారీ రెండుసార్లు తిరిగింది. నిదానంగానే నడుపుతాలే.

మరిచిపోయాను: మా అక్క లొరేన్ ఇంటికి గరాజ్ లేదు. శుక్రవారం దాకా అక్కడే ఉంటాను. నీకు పుణ్యముంటుంది, కాస్త సలహా చెప్పు: నీ బండిని వీధిలో ఎటువైపు ముఖం పెట్టి నిలపను?