మూల కుండీలో అరటి మొలక

మామయ్యగారూ,

బాల్కనీ కడిగే మనిషిని ఇవాళ మూల కుండీ జరపనివ్వకండి. ఎండ పడితే పాత గొడుగు అడ్డం పెట్టండి. ఐదు నెలల కింద పాతిన అడవి అరటి గింజ మొలిచింది.

పొద్దున బట్టలు ఆరేస్తూ చూశాను. గోరంత ఆకు, చుట్ట సగమే విప్పింది. అప్పుడే నడిమి ఈనె, పక్కన గీతలు అన్నీ ఉన్నాయి. ఆ నల్లటి గింజలో నిలువెత్తు చెట్టు ఎలా పట్టిందో. తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "అరటికి పిలకే గానీ గింజేమిటమ్మా, పిచ్చిపిల్లా" అని పాతిన రోజు నలుగురిలో నవ్వారు మీరు.

బస్సుకి టైమైంది.

మీ కోడలు

ఇంకో మాట. రెండో నెలలోనే ఆశ వదిలేసి నేను నీళ్లు పోయడం మానేశాను. మట్టి మాత్రం తడిగానే ఉంది. పగలు ఇంట్లో ఉండేది మీరొక్కరే. ఇకమీదట దొంగచాటుగా అక్కర్లేదు, దర్జాగా పోయండి.