కార్డులా, చెక్క అక్షరాలా

నవంబరు 3, ఆదివారం

దావోన్‌కు ఐదేళ్లు నిండాయి. ఇక అక్షరాలు మొదలుపెట్టాలి. ఏదైనా ఆట కొందామన్నాడు గిటే.

వాళ్ల నాన్న గిటేని చేసుకుని నేనీ ఇంటికొచ్చింది మార్చిలో. ఆ పిల్ల ఇంతవరకూ నన్ను ఏమనీ పిలవలేదు. ఏదైనా కావాలంటే చొక్కా అంచు పట్టుకుని లాగుతుంది. వాళ్లమ్మ ఇంచియాన్‌లో ఉంటుంది. ఆదివారాలు వీడియో కాల్ చేస్తుంది. కాల్ అయ్యేదాకా నేను వంటింట్లో ఉంటాను. ఉండమని ఎవరూ అనలేదు.

నవంబరు 7

అత్తగారు కిమ్చీ పచ్చడి తెచ్చారు. ఆట సంగతి విని బొమ్మల కార్డులు కొనమన్నారు. చర్చిలో అందరి మనవలూ వాటితోనే నేర్చుకున్నారట. మొదటి కార్డు మీద ఒక ఆడమనిషి బొమ్మ, కింద ‘అమ్మ’ అని ఉంటుందట.

వెళ్లేముందు, చెప్పులు తొడుక్కుంటూ నాతో నెమ్మదిగా అన్నారు: “ఆ కార్డు తీసినప్పుడల్లా నిన్ను నువ్వే చూపించుకోవే. అనగా అనగా అదే అలవాటైపోతుంది.”

నా మంచి కోరే అన్నారు.

నవంబరు 9, సాయంత్రం

బొమ్మల షాపుకి వెళ్లాను. కార్డులు బాగున్నాయి. పక్కనే చెక్కతో చేసిన కొరియన్ అక్షరాల పెట్టె. ఒక అక్షరాన్ని పక్కకి తిప్పితే ఇంకోటవుతుంది. బొమ్మల్లేవు. ఫలానా మాటే పేర్చాలనీ లేదు. మొదటిసారికి కార్డులే ఈజీ అనీ, వీటికైతే పెద్దవాళ్లు పక్కన కూర్చోవాలనీ చెప్పింది షాపావిడ.

కార్డులే తీసుకుని కౌంటర్ దాకా వెళ్లాను. మూత మీద ఆ అమ్మ నవ్వుతోంది. పొట్టి జుట్టు, నాలాగే. వెనక్కి వెళ్లి పెట్టేసి, చెక్క అక్షరాలు తెచ్చాను.

నవంబరు 10

అత్తగారికి కోపమొచ్చింది. గిటే ఫోన్ నా చేతిలో పెట్టి బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

నవంబరు 16

దావోన్ సొంతంగా పేర్చిన మొదటి మాట: దోసకాయ. రెండోది నక్క. మధ్యలో అక్షరాలన్నీ తిప్పి తిప్పి చూసింది. నాకు మోకాళ్లు పట్టేశాయి.

నవంబరు 24, ఆదివారం

ఇవాళ ‘అమ్మ’ అని పేర్చింది. నేను చెప్పలేదు. ఫోన్ కిందికి దించి అక్షరాలు వాళ్లమ్మకు చూపించింది. అవతల ఆవిడ ఏడ్చినట్టుంది. కడిగిన బియ్యమే మళ్లీ కడిగాను.

కార్డులు కొనుంటే? తెలీదు.

నవంబరు 26

అన్నం తింటుంటే దావోన్ అడిగింది: “నీ పేర్లో ఏ అక్షరాలుంటాయి?”

చెప్పాను. అన్నం వదిలేసి నేల మీద పేర్చింది. ఒక చిన్న గీత తక్కువైంది. అలా అయితే అది వేరేవాళ్ల పేరవుతుందన్నాను. గీత ఉన్న అక్షరం వెతికి తెచ్చి పెట్టింది.

డిసెంబరు 1, ఆదివారం

బజార్లో, చేపల దుకాణాల దగ్గర, జనంలో విడిపోయాం: అత్తగారూ దావోనూ ఒకవైపు, నేనొకవైపు. వెనక నుంచి “సుర్యోన్!” అని కేక. పెద్దవాళ్లని పేరు పెట్టి పిలుస్తారా అని అత్తగారు పిల్లని మందలిస్తున్నారు. నేనప్పటికే పలికేశాను.