నల్లగుర్రం ఎడమ ముందరికాలు

శుక్రవారం.

రేపు ఉరుసులో గుర్రాల పందెం. పరిగెత్తేవి మూడే. మూడింటికీ ఈ పొద్దు నేనే లాడాలు కొట్టినా. అందుకే ఊరంతా నన్నే అడుగుతాండారు, "ఏమప్పా, ఏది గెలుస్తాది?" అని.

బెళుగుప్ప నుంచి వచ్చిన తెల్లదానికి గిట్టలు పెళుసు, ఈ గరుసు నేలలో మలుపుకాడ జంకుతాది. కళ్యాణదుర్గం ఎర్రది మంచిదే గానీ వయసైపోయింది. మా వీధి మస్తాన్ నల్లగుర్రమే గెలవాల. అడిగినోళ్లందరికీ అదే చెప్పినా.

కానీ దాని ఎడమ ముందరికాలికి ఆఖరి మేకు కొట్టేటప్పుడు అది కాలు గుంజుకునింది. మేకు లోపలి కండకు తగిలిందేమో. అనుమానమొస్తే వెంటనే మేకు పీకి చూడాలని నాయన నేర్పించినాడు. చుట్టూ జనం నా చెయ్యినే చూస్తా ఉన్నారు. తప్పు కొట్టినానని ఒప్పుకోలేక, "ఈగ కుట్టిందిలే" అన్నా.

మస్తాన్ నవ్వినాడు. "నీ చెయ్యి పడినాక నాకేం భయమన్నా" అన్నాడు.

రేపు దాని మీద కూర్చునేది వాడే. ఆ కాలు మలుపులో మడతపడితే...

రెండుసార్లు చెప్పులేసుకుని గడపదాకా పోయి వచ్చినా. గెలిచే గుర్రమేదో ఊరంతటికీ చెప్పినా. మస్తాన్‌కు చెప్పాల్సిన మాట మాత్రం ఈడ కూర్చుని రాసుకుంటాండా.