రంగు తుడిచే మనిషి

13 జూన్ 2004

మంగతాయారు చివరి రోజు ఇలా గడిచింది. ఏప్రిల్ నెల. పొద్దున్నే మా అమ్మాయి సింధూరకు రెండు జడలు వేసింది. పేపరు చదువుతున్న నన్ను, ఏవండీ, బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగింది. వేసుకున్నానన్నాను. పెరట్లో పంపు దగ్గర గిన్నెలు తోముతూ, కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగింది. ఆటోలో తీసుకెళ్లాం. దారిలోనే అయిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు.

సింధూర ఏడవలేదు. ఇవాళ్టికీ ఏడవలేదు.

2 జూలై

బందరులో సింధూర చదివే స్కూల్లో ఈ ఏడు నైన్త్‌కి డ్రామా కూడా సబ్జెక్టే. మార్కులుంటాయట. తను తీసుకుంది. చెప్పేది రామబ్రహ్మం గారు. గూడూరు మనిషి. ఒకప్పుడు పద్యనాటకాల్లో ఆడవేషాలు కట్టేవారట. లెక్కల ట్యూషన్ మానేసి ఇదేమిటన్నాను. లెక్కలకి కాలిక్యులేటర్ ఉంది కదా నాన్నా, నేనెందుకు అంది. చాలా రోజులకు నవ్వాను.

18 ఆగస్టు

ప్రాక్టికల్‌కి ప్రతివాళ్లూ తమకు తెలిసిన మనిషినొకరిని తీసుకుని, కాసేపు ఆ మనిషిలా ఉండాలి. ఒకమ్మాయి బస్ కండక్టర్ని తీసుకుందట. ఇంకొకడు హెడ్మాస్టర్నే. నువ్వెవర్ని అన్నాను. చెప్పలేదు.

3 సెప్టెంబర్, ఉదయం

పేపరు చదువుతున్నాను. వంటింట్లోంచి మంగతాయారు నడక వినపడింది. ఎడమ మడమ కాస్త ఈడ్చేది. పేపరు దించలేకపోయాను. ఏవండీ, మాత్ర వేసుకున్నారా అంది. అదే గొంతు. పేపరు దించాను.

సింధూర. తల్లి ఆకుపచ్చ చీర. నవ్వడం లేదు.

వేసుకున్నాను అన్నాను.

4 సెప్టెంబర్

మళ్లీ.

19 సెప్టెంబర్

స్కూలు నుంచి రాగానే యూనిఫాం విప్పి చీర కట్టేస్తోంది. నన్ను నాన్నా అని పిలవడం మానేసింది.

ముదినేపల్లి నుంచి మంగతాయారు అక్క, అన్నపూర్ణ వదిన వచ్చింది. గుమ్మంలోనే సింధూర, అక్కా, బస్సులో సీటు దొరికిందా అని అడిగింది. వదిన చేతిలో సంచి జారిపోయింది. వంకాయలు గదంతా దొర్లాయి. తర్వాత నన్ను పెరట్లోకి లాక్కెళ్లి దులిపేసింది. పిల్లకి గాలి సోకితే పేపరు చదువుకుంటున్నారా మరిదిగారూ, రేపే మోపిదేవి గుడికి తీసుకెళ్లండి, ఆ డ్రామా మేష్టారు కనపడితే నాకు చూపించండి అంది.

వదినకు చెప్పనిది ఒకటుంది. నా భయం పిల్ల గురించి మాత్రమే కాదు. తెల్లారగానే పేపరు పట్టుకుని ఆ అడుగుల కోసం కూర్చుంటున్నాను. ఒక్కసారి కూడా సింధూరా అని పిలవలేదు. పిలిస్తే మంగతాయారు వెళ్లిపోతుంది.

6 అక్టోబర్

స్టాఫ్‌రూంలో రామబ్రహ్మం గారిని కలిశాను. సబ్జెక్టు మాన్పించేస్తానన్నాను. మీ అమ్మాయిని ఆ వేషంలో మొదటిసారి చూసినప్పుడు నాకూ భయమేసిందండీ అన్నారు. ఇంట్లో రంగు ఎవరు తుడుస్తున్నారు అని అడిగారు.

నాకు అర్థం కాలేదు. వాళ్ల నాటక సమాజంలో ఆట అయ్యాక వేషగాడు తన మొహం తను తుడుచుకోకూడదట. ఇంటిమనిషి ఎవరో ఒకరు కొబ్బరినూనె రాసి తుడిచి, సొంత పేరు పెట్టి పిలవాలట. ఆయనకి వాళ్లమ్మ తుడిచేదట. ఒరే బ్రహ్మం, వేషం చాల్లే, అన్నం తిందువుగాని రా అనేదట. క్లాసులో పిల్లలు ఒకరికొకరు తుడుచుకుంటారు, ఇంట్లో వేషానికి మీరేగా అండీ అన్నారు.

7 అక్టోబర్, ఉదయం

కొబ్బరినూనె సీసా చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఏవండీ అంది. వేసుకున్నాను అన్నాను. సీసా మళ్లీ అలమరలో పెట్టేశాను.

11 అక్టోబర్

రేపే ప్రాక్టికల్. చీర ఇస్త్రీ చేసుకుంది. సాయంత్రం వరండాలో పక్కన కూర్చుని, ఆ గొంతుతోనే, రేపు మీరు రండి, మీరొస్తేనే పిల్ల ఇంటికొస్తుంది అంది.

ఈ మాట ఎవరన్నారో నాకు తెలియదు.

సీసా, మెత్తటి తువ్వాలు సంచిలో పెట్టాను. రేపు పొద్దున ముందు వరసలో కూర్చుంటాను. చేతిలో పేపరు ఉండదు. అయ్యేదాకా చూస్తాను. తర్వాత మొహం తుడిచి, సింధూరా అని పిలుస్తాను.