పిచ్చా? వాల్యూమా?

సోమవారం, ఉదయం
ఈరోజు నుంచి సంగీతంలో ఇంగ్లీషు మాటలు తప్పుగా వాడితే నన్ను చెప్పుతో కొట్టండి. ఒట్టు!
నిన్న రిహార్సల్లో మా సింగరు పాటమ్మ గొంతు సరిగ్గా వినిపించలేదు. "పిచ్ పెంచమంటారా?" అన్నాను. కీబోర్డు వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "పిచ్‌కీ వాల్యూమ్‌కీ తేడా తెలీదు, నీకు సౌండు మీటల మిక్సర్ కావాలా?"
మా సౌండు కంపెనీలో రెండేళ్ళుగా స్పీకర్ డబ్బాలు మోస్తున్నాను. ఓనరు చెప్పేశాడు: "శనివారం ప్రోగ్రాంలో మిక్సర్ దగ్గర కూర్చో. నెగ్గితే కుర్చీ నీది. లేదంటే డబ్బాలే."
పిచ్ అంటే స్వరం ఎంత ఎత్తున ఉందో. వాల్యూమ్ అంటే ఎంత గట్టిగా ఉందో. టెంపో అంటే పాట నడక. ఇంతేనా! దీనికా ఇంత బిల్డప్!

మంగళవారం
అద్భుతం! టీవీ దగ్గర సౌండు పెంచుతున్న తమ్ముణ్ణి పట్టుకున్నాను. "అది పిచ్ కాదురా, వాల్యూమ్! వాల్యూమ్ తగ్గించు!"
అమ్మ వంటింట్లోంచి: "నీకు రెండూ ఎక్కువే. రెండూ తగ్గించుకుని తిండికి రా."

బుధవారం
రిటైరవుతున్న మిక్సర్ బాబాయ్ నాకు పాఠం చెప్పబోయాడు. "మాటలెందుకమ్మా? స్టేజీ మీద వాళ్ళ చేతులు చూడు. అరచెయ్యి కిందికి ఊపితే తగ్గించు, పైకి ఊపితే పెంచు. పాట మధ్యలో ఎవరి మాట ఎవరికి వినబడుద్ది?"
"నాతో పనుంటే నోటితో చెప్పాలి బాబాయ్. సరైన మాటతో!"
చేతిసైగలు బంద్.

గురువారం
టోన్, ట్యూన్. ఏది ఏదో కలిసిపోయింది. తప్పు నాది కాదు, ఆ భాషది. తలనొప్పి. రేపు చదువుతా.

శుక్రవారం
డబ్బాలు మోయడంతోనే సరిపోయింది. చదువుకునే తీరిక ఎవరిచ్చారు?

శనివారం, ప్రోగ్రాం అయ్యాక
సర్వనాశనం.
పాట మధ్యలో పాటమ్మ అరచెయ్యి కిందికి ఊపింది. చూడనట్టు ఉన్నాను. మళ్ళీ ఊపింది. ఒళ్ళు మండి, బల్ల మీద అనౌన్సరు మైకు లాక్కుని అడిగాను: "పిచ్చా? వాల్యూమా? నోటితో చెప్పండి!"
మైకు ఆన్‌లో ఉంది.
హాలంతా నావైపు తిరిగింది. పాటమ్మ పాట ఆపి అంది: "ముందు నువ్వు తగ్గమ్మా!"
అప్పుడు పగిలింది నవ్వు. వెనకనుంచి బాబాయ్ వచ్చి ఒక్క వేలితో ఒక్క మీట కిందికి జరిపాడు. పాట మళ్ళీ మొదలైంది. ఓనరు నావైపు రాలేదు, డబ్బాలవైపు వేలు చూపించాడంతే.

ఆదివారం
గోడౌన్లో ఓనరు మీదికి వెళ్ళాను. "రెండేళ్ళు మోశాను! ఒక్క పాటకే..."
ఓనరు వెనక బాబాయ్. అరచెయ్యి మెల్లగా కిందికి ఊపాడు.
ఆగిపోయాను. నోరు దానంతటదే మూసుకుంది.
"చూశారా?" అన్నాడు బాబాయ్ ఓనరుతో. "అర్థమవుద్ది. వారం నా పక్కన కూర్చోనివ్వండి."
ఓనరు గొణిగాడు. గొణగడమంటే సరే అనే.

సోమవారం, ఉదయం
ఈరోజు నుంచి నోరు మూసుకుని చేతులే చూస్తాను. ఒట్టు!
కీబోర్డు వాడు ఇప్పుడే గుమ్మంలోంచి నన్ను చూసి చెయ్యి ఊపాడు. అది ఏ సైగో, ముందు వాణ్ణి కడిగేసి తెలుసుకుంటాను.