గడప దగ్గర బీడీల చాటలు

పుష్పా,

ఈ రోజు నీ పాపకు టీకా వేయించడానికి ఎల్లారెడ్డి దవాఖానకు వెళ్లాను. గర్భిణుల పరీక్షలు ఇప్పుడు పొద్దున కాదు, మధ్యాహ్నం చేస్తున్నారు. నీకు తీరిక ఉండే వేళ అది.

ఇంతకాలం మన ఆడవాళ్లకు శ్రద్ధ లేదనేవారు దవాఖానవాళ్లు. కొత్తగా వచ్చిన నర్సు మాత్రం పరీక్షలకు రానివాళ్ల ఇండ్లన్నీ తిరిగింది. మనింటికీ వచ్చి, "మీ చెల్లె ఎందుకు రాకపోయేది అక్కా?" అని అడిగింది. నువ్వు కాన్పులో పోయాక ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే.

"పొద్దుగాల బీడీలు అప్పజెప్పనీకి కార్ఖానకు పోయేది. పోకుంటే తెల్లారి చుట్టనీకి ఆకియ్యరు" అన్నాను.

ఏ ఇంట్లో అడిగినా అదే జవాబట. ఆ జవాబులన్నీ పెద్ద డాక్టరు ముందు పెట్టి వేళ మార్పించింది.

ఈ రోజు అందరూ వచ్చారు. సగం చుట్టిన బీడీల చాటలు గడప దగ్గర చెప్పుల పక్కన పెట్టి లోపలికి వెళ్లారు. పాప నా ఒళ్లో నిద్రపోయింది.

చివరికి నర్సు బయటికొచ్చి, "ఇంకెవలన్న ఉన్నరా అక్కా?" అంది.

నేను నీ పాపను భుజాన వేసుకుని, చెప్పుల పక్కన నీ చాట ఉండాల్సిన చోటు చూశాను.

మీ అక్క